నిన్ను కాదులే

మా పిన్ని కొడుకు ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో కేర్ వర్కర్. పొద్దున్నే ఇంటింటికీ తిరిగి ముసలివాళ్లని లేపి, స్నానం చేయించి, మందులు మింగించి, టీ పెట్టిచ్చి ఇంకో ఇంటికి పరిగెత్తడం వాడి పని. ఆమధ్య ఫోన్లో ఒక సంగతి చెప్పాడు. తొంభై దగ్గరపడిన ఒకావిడ, వీడు కాళ్లకి మేజోళ్లు తొడుగుతుంటే, టీవీ వైపు చూస్తూ "మరీ ఎక్కువమంది వచ్చిపడుతున్నారు ఈ దేశానికి" అందట. కాసేపాగి, "నిన్ను కాదులే" అందట. వాడు నవ్వుతూనే చెప్పాడు గానీ, చివర్లో అడిగాడు: "అన్నా, ఇంతకీ వీళ్లకి మేం కావాలా, వద్దా?"

ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికి బ్రిటన్‌లో ఓ పరిశ్రమే ఉంది. ఇప్సోస్, యూగవ్ లాంటి సంస్థలు ఏడాది పొడుగునా జనాన్ని అడుగుతూనే ఉంటాయి. 1983లో మొదలైన బ్రిటిష్ సోషల్ ఆటిట్యూడ్స్ సర్వే ఆ సమాజం మనసు ఎలా మారుతూ వచ్చిందో నాలుగు దశాబ్దాలుగా రాసిపెడుతోంది. చిత్రం ఏమిటంటే, వీటన్నిటినీ కలిపి చదివితే వచ్చే జవాబు ఆ ముసలావిడ చెప్పిందే. "వలసలు తగ్గాలా?" అని గుండుగుత్తగా అడిగితే తగ్గాలనేవాళ్లే ఎక్కువ. "నర్సులు? డాక్టర్లు? ముసలివాళ్లని చూసుకునే కేర్ వర్కర్లు?" అని ఒక్కొక్కరి పేరూ చెప్పి అడిగితే, ఇప్పుడున్నంతమందీ రావాలి, ఇంకా ఎక్కువ వచ్చినా ఫర్వాలేదు అనేవాళ్లే ఎక్కువ. అదే దేశం, అదే జనం.

మరి ప్రభుత్వాలు ఈ రెండు జవాబుల్లో ఏది విన్నాయి? కొత్తగా వచ్చే కేర్ వర్కర్లు భార్యాబిడ్డల్ని వెంట తెచ్చుకోకూడదని 2024 మార్చిలో కన్సర్వేటివ్ ప్రభుత్వం కట్టడి చేసింది. అసలు విదేశాల నుంచి కేర్ వర్కర్లని తీసుకోవడమే 2025 జులైలో లేబర్ ప్రభుత్వం ఆపేసింది. అంతకుముందు మే నెలలో, స్థిరనివాసానికి మామూలుగా ఉండే 5 ఏళ్ల గడువుని 10కి పెంచుతామంది. బ్రిటన్ అపరిచితుల ద్వీపమైపోయే ప్రమాదం ఉందని ప్రధాని స్టార్మర్ అన్నదీ అప్పుడే. ఆ మాట అన్నందుకు తర్వాత నొచ్చుకున్నాడు. విధానాలు మాత్రం అలాగే ఉన్నాయి. పార్టీ మారినా సమర్థన ఒక్కటే: జనం కోరుకుంటున్నారు.

జనం కోరుకునేదాని వెనక ఏముందో కూడా సర్వేలే చెప్పాయి. 2013లో ఇప్సోస్ మోరి బ్రిటన్ జనాన్ని వాళ్ల దేశం గురించే లెక్కలు అడిగింది. దేశంలో వలస వచ్చినవాళ్లు ఎంతమంది అంటే సగటున 31 శాతం అన్నారు. అసలు లెక్క 13. సంక్షేమ పథకాలకి ఖర్చయ్యే ప్రతి 100 పౌండ్లలో మోసగాళ్ల పాలయ్యేది ఎంత అంటే 24 పౌండ్లన్నారు. అధికారిక అంచనా 70 పెన్నీలు. వీళ్లని తెలివితక్కువవాళ్లని నవ్వేసి ఊరుకోవడం తేలిక. కానీ ఆ 31, ఆ 24 వాళ్లంతట వాళ్లు కలగన్నవి కావు. రోజూ పేపర్లలో, టీవీల్లో, ఎన్నికల సభల్లో వండి వడ్డించినవి.

నమ్మకం లేకపోతే ఇంకో లెక్క చూడండి. 2016 జూన్‌లో, బ్రెగ్జిట్ రెఫరెండం ముంగిట, దేశం ముందున్న పెద్ద సమస్యల్లో వలసలు ఒకటి అని దాదాపు సగంమంది ఇప్సోస్‌కి చెప్పారు. రెఫరెండం అయిపోయింది, నాయకుల మాట మారింది, ఆ ఆందోళనా కొన్నేళ్లలోనే బాగా పడిపోయింది. వలసలు తగ్గాయా అంటే లేదు. ఆందోళన అడుగంటిన రోజుల్లోనే అవి పెరగడం మొదలై, 2023కి నికర వలస ఏడాదికి 9 లక్షలు దాటింది. మళ్లీ ఉపన్యాసాల్లో, టీవీ తెరల మీద పడవలు కనిపించాయి, మళ్లీ భయం పెరిగింది. 2022లో చిన్న పడవల్లో వచ్చినవాళ్లు 45 వేల చిల్లర. అంటే నాయకులు తాము అరిచి, ఆ ప్రతిధ్వనినే ప్రజల గొంతు అంటున్నారు.

పోనీ, ప్రజల గొంతంటే అంత గౌరవమే అనుకుందాం. 1989లో ఇంగ్లండ్, వేల్స్‌లలో మంచినీళ్ల సరఫరాని ప్రైవేటుపరం చేశారు. దాన్ని తిరిగి ప్రభుత్వం తీసుకోవాలని ఏళ్ల తరబడి ఏ సర్వే అడిగినా మెజారిటీ అంటోంది, కన్సర్వేటివ్ ఓటర్లతో సహా. ఎవరు విన్నారు? యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావడం పొరపాటని ఇప్పుడు సగానికి పైగా జనం చెబుతున్నారు. ఆ మాటెత్తడానికే ప్రధాన పార్టీలు రెండూ జంకుతున్నాయి. నీళ్ల కంపెనీల దగ్గరికి వచ్చేసరికి జనానికి ఆర్థికశాస్త్రం తెలియదు. కేర్ వర్కర్ దగ్గరికి వచ్చేసరికి జనవాక్యం కర్తృజనవాక్యం!

ఇక్కడ నన్నొకరు నిలదీయొచ్చు. 1965లో బ్రిటిష్ పార్లమెంటు హత్యకి ఉరిశిక్షని ఆపేసింది. అప్పుడు జనంలో ఎక్కువమంది ఉరి ఉండాలనే అన్నారు కదా, అది నీకు సమ్మతమేనా అని. సమ్మతమే. ఉరికి మద్దతు సగానికి తగ్గిందని సోషల్ ఆటిట్యూడ్స్ సర్వే మొదటిసారి నమోదు చేసింది 2014లో. జనం కోసం ఆగి ఉంటే అర్ధశతాబ్దం పాటు మనుషుల్ని వేలాడదీస్తూ ఉండేవాళ్లు. అయితే ఆ సభ్యులు సర్వే చాటున దాక్కోలేదు. ఇది మా నిర్ణయం, మాదే బాధ్యత అన్నారు. జనాన్ని కాదన్నా, ఔనన్నా నాయకుడు చెప్పాల్సింది ఆ మాటే. ఇవాళ్టి నాయకులు చేయాలనుకున్నదేదో చేసి, సంతకం మాత్రం జనం చేత పెట్టిస్తున్నారు.

అలా పెట్టించుకోవాల్సిన అవసరమూ ఉంది మరి. 2024లో లేబర్ పార్టీకి వచ్చిన ఓట్లు 33.7 శాతం, సీట్లు 60 శాతం పైన. మూడోవంతు ఓట్లతో కూర్చున్నవాళ్లకి "దేశమంతా మాతోనే" అనడానికి ఇంకేదో కావాలి. సర్వే పనికొచ్చేది అక్కడే. ఆ ఏడాదే బయటికొచ్చిన సోషల్ ఆటిట్యూడ్స్ ఫలితాల్లో ఇంకో అంకె ఉంది. ఏ పార్టీ ప్రభుత్వమైనా సరే, పార్టీ ప్రయోజనం కంటే దేశ ప్రయోజనాన్ని ముందు పెడుతుందని దాదాపు ఎప్పుడూ నమ్మం అన్నవాళ్లు 45 శాతం. అప్పటిదాకా అదే రికార్డు. ఈ అంకెని పట్టుకుని "జనం కోరిక మేరకు" అని ఏ మంత్రీ ఉపన్యాసం ఇవ్వగా నేను వినలేదు.

మావాడికి ఏం చెప్పాలో అప్పుడు తోచలేదు. ఇప్పుడైతే ఇది చెబుతాను. ఆవిడ రెండు మాటలంది తమ్ముడూ. మొదటిది టీవీ వైపు చూస్తూ అంది, రెండోది నిన్ను చూస్తూ అంది. మీ వీసాల మీద సంతకాలు పెట్టేవాళ్లు మొదటిది మాత్రం రాసుకుని వెళ్లిపోయారు.