నర్సింగ్ చదువు: ఏ దారి మేలు?

ప్రసూతి గదిలో మన ఇంటి స్త్రీలకు స్త్రీలే సేవ చేయాలని మనమందరం కోరుకుంటాము. మన అమ్మాయి నర్సింగ్ చదువుతానంటే మాత్రం నలుగురేమంటారోనని వెనుకాడుతాము. అందరి ఇళ్లలోనూ ఇదే జరిగితే ఆ గదిలో సేవకు ఎవరు వస్తారు?

ఈ వృత్తి మనకు కొత్తది కాదు. హిజ్రీ 5వ సంవత్సరంలో ఖందఖ్ యుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను దైవప్రవక్త (స) మదీనా మస్జిద్‌లోని రుఫైదా (రజి) గుడారంలో ఉంచారు. క్షతగాత్రులకు చికిత్స చేయడమే ఆమె సేవ.

ఇక చదువు మాట. నెల్లికుదురు వంటి మండలంలో పదో తరగతి పూర్తిచేసిన అమ్మాయి ముందున్న అసలు నిర్ణయం ఇంటర్‌లో తీసుకునే గ్రూపే. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌కు బైపీసీ తప్పనిసరి. దగ్గరి కళాశాలలో సీటు దొరికిందని సీఈసీలో చేరితే ఆ తలుపు మూసుకుపోయినట్లే. మైనారిటీ గురుకుల జూనియర్ కళాశాలల్లో బైపీసీ ఎక్కడ ఉన్నదో ముందే విచారించుకోవాలి.

వేరే గ్రూపు చదివినవారు నిరాశ చెందనవసరం లేదు. మూడేళ్ల జీఎన్‌ఎంకు ఏ గ్రూపువారైనా అర్హులే. ఆ తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయవచ్చు. అంటే నాలుగేళ్లకు బదులు అయిదేళ్లు పడుతుంది, కాని మధ్యలో ఉద్యోగం చేసుకునే వీలుంటుంది. ప్రభుత్వ ఆసుపత్రులలో నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాలకు జీఎన్‌ఎం, బీఎస్సీ రెండూ అర్హతలే. రెండేళ్ల ఏఎన్‌ఎం గ్రామీణ ఆరోగ్య సేవలకు ఉద్దేశించినది. త్వరగా సంపాదన అవసరమైన కుటుంబానికి అది ఆసరా అవుతుంది. అయితే దానితో నర్సింగ్ ఆఫీసర్ కావడం సాధ్యపడదు. చేరేముందే ఈ తేడా తెలుసుకోవాలి.

బీఎస్సీ ప్రవేశాలను వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం నిర్వహిస్తుంది. ఆ ఏటి ప్రకటన చూసి, ప్రవేశపరీక్ష నియమాలను ఇంటర్ మొదటి సంవత్సరంలోనే తెలుసుకుంటే తొందరపాటు ఉండదు. మహబూబాబాద్‌లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. పెద్దాసుపత్రి సేవలు ఇంటికి చేరువవుతున్న కొద్దీ శిక్షణ పొందిన నర్సుల అవసరమూ పెరుగుతుంది.

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. సీటు ఇప్పిస్తామని వచ్చే మధ్యవర్తుల మాట నమ్మి డబ్బు కట్టకండి. కళాశాలకు భారత నర్సింగ్ మండలి, రాష్ట్ర మండలి గుర్తింపు ఉన్నదా, అభ్యాసానికి ఏ ఆసుపత్రికి పంపుతారు, అక్కడ ఎన్ని పడకలున్నాయి అని అడగండి. చదువయ్యాక రాష్ట్ర మండలిలో నమోదు కానిదే నర్సుగా పనిచేయడానికి వీలుండదు. గుర్తింపు లేని చోట చదివితే ఆ నమోదు జరగదు, అమ్మాయి విలువైన సంవత్సరాలు వృథా అవుతాయి.

హాస్టల్ భద్రత, రాత్రి విధులు, హిజాబ్, నమాజు వేళల గురించి కూడా మొహమాటం లేకుండా ముందే మాట్లాడుకోవాలి. సందేహాలుంటే అడిగి తీర్చుకోవాలి గాని, వాటినే సాకుగా చేసుకుని చదువు మాన్పించడం తగదు. రోగి దాహం తీర్చే చేయి, గాయం కడిగే చేయి మన బిడ్డలదైతే అది మన ఇంటికి గౌరవమే. అల్లాహ్ మన ఆడపిల్లల చదువులో శుభాన్ని ప్రసాదించుగాక, ఆమీన్.