కోసిన సొమ్మెవరిది?

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిరి. ఇల్లు కట్టించువాని కష్టమును గూర్చి యీ సామెత పుట్టినది; కట్టువాని కష్టమును గూర్చి సామెత పుట్టలేదు. గోడ లేచును, కప్పు పడును, గృహప్రవేశము జరుగును. తాపీమేస్త్రీ తన పనిముట్లను మూటగట్టుకొని మఱియొక వీధికి బోవును. వాని బిల్లునుండి కోయబడిన సొమ్ము మాత్రము వానివెంట బోదు. అది ఖజానాకు జేరును. ఆ సొమ్ము వానిదా, సర్కారుదా యను ప్రశ్నను నేడు మేము పాఠకుల యెదుట నుంచుచున్నాము.

పెద్ద కట్టడమేదియు నిప్పుడొక్క చేతిమీదుగా సాగుటలేదు. ప్రభుత్వమో, కంపెనీయో పెద్ద కంట్రాక్టరునకు బని నప్పగించును. అతడు పునాది యొకనికి, కడ్డీలపని యొకనికి, తాపీపని యొకనికి, రంగులు వేరొకనికి బంచియిచ్చును. ఈ సబ్‌కంట్రాక్టరుల క్రింద గుంపు మేస్త్రీలు, వారి క్రింద కూలివారు. పాలమూరునుండి బయలుదేరి దేశమందలి యానకట్టలకును కాలువలకును మట్టిమోసిన గుంపుల కథ తెలుగువారెఱుగనిది కాదు. ఈ నిచ్చెనపై సొమ్ము మెట్టు మెట్టునకు దిగుచుండగా బన్ను పేర గొంత కోతపడుచుండును. పైమెట్టుననున్నవానికి గుమాస్తాలును ఆడిటర్లును గలరు. క్రిందిమెట్టుననున్నవానికి జేబులోని చిన్న పుస్తకమే కచేరీ.

ఈ కోత నిన్న మొన్న వచ్చినది కాదు. 1961 సంవత్సరపు టాదాయపుపన్ను చట్టమునకు 1972లో 194సి యను సెక్షను చేర్చబడినది. ఆ చట్టమునకు మాఱుగా జేయబడిన 2025 చట్టమునకు 2026 ఏప్రిల్ 1 అమలుదినము. సెక్షనుల యంకెలు మాఱినవి గాని కోత మాఱలేదు. పనిచేసినవాడు వ్యక్తి గాని, హిందూ అవిభక్త కుటుంబము గాని యైనచో నూటికి 1 రూపాయి. కంపెనీయో, భాగస్వామ్య సంస్థయో యైనచో నూటికి 2 రూపాయలు. ఒక్కసారి యిచ్చునది రూ. 30,000 దాటక, యేడాది మొత్తము రూ. 1,00,000 దాటకయున్నచో గోత లేదు. ప్రభుత్వము, కంపెనీలు, సహకార సంఘములు మొదలగువారేగాక, అంతకుముందు సంవత్సరము కోటి రూపాయలకు మించి వ్యాపారము చేసిన వ్యక్తియు నిట్లు కోయుటకు బద్ధుడు. తన సొంత వాసమునకు ఇల్లు కట్టించుకొను గృహస్థున కీ బాధ్యత లేదు. ఒక కంట్రాక్టరునకు సంవత్సరమున రూ. 50 లక్షలకు మించి చెల్లించినచో మాత్రము నూటికి 2 చొప్పున గోసి కట్టవలయును.

నూటికొక రూపాయి యేపాటి యని పట్టణవాసి తలపవచ్చును. లెక్క చూతము. ఒక తాపీమేస్త్రీ 2025-26 సంవత్సరమున బ్యాంకుద్వారా రూ. 20 లక్షల బిల్లులు పుచ్చుకొనెననుకొందము. అందు హెచ్చుభాగము కూలివారి చేతికే పోవును. చట్టమందలి యంచనా యాదాయపద్ధతి ననుసరించినచో, బ్యాంకుద్వారా వచ్చిన సొమ్ములో నూటికి 6 వంతులను, నగదుగా వచ్చినదానిలో నూటికి 8 వంతులను ఆదాయముగా జూపవచ్చును. వానికి నిజముగా మిగిలినది యంతకు హెచ్చైనచో హెచ్చే చూపవలెను. ఇరువది లక్షలపై 6 వంతులనగా రూ. 1,20,000. క్రొత్తపద్ధతిలో రూ. 4 లక్షలవఱకు బన్నే లేదు. అనగా నీ మేస్త్రీ చెల్లించవలసిన యాదాయపుపన్ను సున్న. వానినుండి కోసినది రూ. 20,000. ఈ యిరువదివేలును వానివే. ప్రతిపైసయు దిరిగి రావలసినదే.

ఇక వానికి పాన్ నంబరు లేకున్నచో, ఉన్నను కోయువానికి జెప్పకున్నచో, కోత నూటికి 1 గాదు, 20. అదే యిరువది లక్షలపై నాలుగు లక్షలు. ఆధారుతో జతపడక నిలిచిపోయిన పాన్ సయితము 2023 జూలై 1 నుండి లేనిదానితో సమానముగా నెంచబడుచున్నది. కూలివారికి వారము వారము రొక్కమీయవలసిన మేస్త్రీకి నాలుగు లక్షలు చిక్కుపడినచో వాడు వడ్డీవ్యాపారి గుమ్మమెక్కక తప్పదు. ఒక నంబరు వ్రాయని పాపమున కింత శిక్ష గలదని వానికి జెప్పినవారెవరు?

ఈ కోత పన్ను గాదు. పన్నుకై ముందుగా దీసియుంచిన పూచీసొమ్ము. సంవత్సరాంతమున లెక్క తేలినపిమ్మట, పన్ను పోగా మిగిలినది సొంతదారునకు జేరవలెను. దానిని రిఫండు అందురు. మా న్యాయవాదవృత్తిలో దఱచుగా మేము చూచుచున్నదేమనగా, మేస్త్రీలు దీనిని సర్కారువారి దయగా భావింతురు; వచ్చిన నదృష్టమందురు, రాకున్న గర్మమందురు. ఇది దయయు గాదు, అదృష్టమును గాదు, ఋణము. ఋణదాత మేస్త్రీ, ఋణగ్రస్తము ఖజానా. 1921లో చీరాల పేరాలలును, 1922లో పెదనందిపాడును అన్యాయమైన పన్నును నిరాకరించుట యెట్లో దేశమునకు నేర్పినవి. స్వరాజ్యమున న్యాయమైన పన్ను చెల్లించుట మన ధర్మము. చెల్లింపునకు మించిపోయినదానిని లెక్కతో నడిగి పుచ్చుకొనుటయు నా ధర్మములోని రెండవ సగమే.

ఇందు మొదటిబాధ్యత కోయువానిది. కోసిన సొమ్మును మఱుసటినెల 7వ తేదీలోపల ఖజానాకు గట్టవలెను. మార్చినెల కోతకు మాత్రము ఏప్రిల్ 30 గడువు. మూడునెలల కొకసారి యెవరినుండి యెంత కోసినదియు బాన్ నంబరులతో బట్టిక దాఖలు చేయవలెను. ఆ గడువు దాటిన పదునైదు దినములలో గోత ధ్రువపత్రము నీయవలెను. కోయక చెల్లించినచో నా ఖర్చులో నూటికి 30 వంతులు లెక్కలోనికి రాకుండ బోవును గనుక పెద్ద కంట్రాక్టరు కోతను మఱచుట యరుదు. కట్టుటయే కొందఱు మఱతురు. కోసిన సొమ్మును తన పెట్టుబడిగా ద్రిప్పుకొనువాడు పరుని సొమ్మును వాడుకొనుచున్నాడని మేము నిర్మొహమాటముగా జెప్పుచున్నాము. ఒక్క యంకె తప్పుగా వ్రాసి పాన్ నంబరు దాఖలు చేసినను మేస్త్రీ సొమ్ము వేఱొకని ఖాతాకు జమయగును; ఆ పట్టికను సవరింపవలసినవాడును గోసినవాడే.

కోసినవాడు ఖజానాకు గట్టకున్నచో నష్టమెవరిది? 1961 చట్టపు 205వ సెక్షను స్పష్టముగా జెప్పినది: కోతపడిన మేరకు బనివానిని మఱల బన్ను అడుగరాదు. కేంద్ర ప్రత్యక్షపన్నుల బోర్డు 2015లోను, మఱల 2016లోను అధికారులకు నిట్టి బాకీలను బలవంతముగా వసూలు చేయరాదని యాదేశించినది. హైకోర్టులు నీ న్యాయమునే నిలిపినవి. ఐనను యంత్రము ఖాతాలో జమపడినదానినే చూచును గాని సెక్షనును జూడదు. జమ లేదు గనుక బాకీ యని తాఖీదు పంపును. అట్టి తాఖీదు వచ్చినపుడు మేస్త్రీ భయపడి రెండవసారి కట్టరాదు. కోత చూపు బిల్లును, బ్యాంకు పుస్తకమును, ధ్రువపత్రమున్నచో దానిని చేర్చి జవాబు వ్రాయవలెను. ఊరకున్నచో నా బాకీ ముందేటి రిఫండులో సర్దుబాటు కావచ్చును.

ఇచట ప్రభుత్వపు త్రాసును బరీక్షింతము. పౌరుడు పన్ను కట్టుట కాలస్యము చేసినచో నెలకు నూటికి 1 వడ్డీ. కోసినదానిని గట్టనివానికి నెలకు నూటికి ఒకటిన్నర. ఖజానా పౌరునకు దిరిగి యీయవలసిన రిఫండునకో? నెలకు నూటికి అర. గడువులోపల లెక్క దాఖలు చేసినవానికి ఏప్రిల్ 1 నుండియు, ఆలస్యముగా జేసినవానికి దాఖలుదినమునుండియు మాత్రమే యా యర. ఇచ్చునపుడొక రాయి, పుచ్చుకొనునపుడొక రాయి వాడు వర్తకుని సంతలో నిలువనీయము. ప్రభుత్వమున కీ నీతి వర్తింపదా? పౌరునిపై వేయు వడ్డీయే ఖజానాపైనను వేయవలెను.

2025 ఫిబ్రవరిలో లోక్‌సభ ముందునకు వచ్చిన క్రొత్త బిల్లులో నింతకంటె దారుణమైన మాట యొకటి చేరినది. గడువుదాటి లెక్క దాఖలు చేసినవానికి రిఫండే లేదని తోచునట్లు దాని కూర్పుండెను. పార్లమెంటు సెలెక్టు కమిటీ ఆ నిబంధనను దీసివేయుమని సలహా యిచ్చినది. ఆగస్టులో సవరించి తెచ్చిన బిల్లులో నది తొలగినది. చట్టమైనది సవరించిన రూపమే. ఆ నిబంధన నిలిచియున్నచో నష్టపోయెడివారెవరో చెప్పనక్కఱలేదు. ఆడిటరున్నవాడు గడువు దాటడు. గడువు దాటువాడు పనికై పరదేశమునకు బోయిన మేస్త్రీ. ఒక వాక్యము ఉండుటకును ఊడుటకును నడుమ నెందఱి కష్టార్జితము వ్రేలాడుచుండునో పాఠకులు గ్రహింతురుగాక.

సబ్‌కంట్రాక్టరులకును మేస్త్రీలకును మేము చెప్పవలసినది కొంత గలదు. హక్కు నిద్రించువానికి గాదు. లెక్క దాఖలు చేయనిదే రిఫండు రాదు. పాన్ నంబరును ఆధారుతో జతపఱచుకొనుడు. బిల్లు ప్రతి యొకటి మీయొద్ద నుంచుకొనుడు. బిల్లుసొమ్మును బ్యాంకుద్వారా పుచ్చుకొనుడు. మీ పేర జమపడిన కోతల పట్టికను సంవత్సరమున రెండుమూడుసార్లు చూచుకొనుడు. అన్నిటికంటె ముఖ్యముగా మీ పాన్ నంబరును ఎరువియ్యకుడు. మీరు చేయని పనికి మీ పేర బిల్లు వ్రాసి, ఒక రూపాయి కోసి, తక్కినది తన జేబున వేసికొను కంట్రాక్టరు లేకపోలేదు. ఆనాడు చేతిలో బెట్టిన వేయిరూపాయలు తీపిగానే యుండును. లక్షల వ్యాపారమునకు లెక్క చెప్పుమని తాఖీదు వచ్చిననాడు ఆ కంట్రాక్టరు మిమ్మెఱుగనని చెప్పును. రిఫండు తెప్పింతునని, లేని ఖర్చులను వ్రాసి, వచ్చినదానిలో నాలవవంతు పుచ్చుకొను మధ్యవర్తిని దూరముగా నుంచుడు. దొంగలెక్కకు సంతకము మీది, శిక్షయు మీదే.

వస్తుసేవల పన్ను దీనికి వేఱు. సేవలు చేయువాని సాలుసరి వ్యాపారము రూ. 20 లక్షలు దాటినపుడు సాధారణముగా నమోదు కావలెను. ప్రభుత్వశాఖలు రూ. 2,50,000 కు మించిన కంట్రాక్టులపై నూటికి 2 చొప్పున 2018 అక్టోబరు 1 నుండి వేఱుగా గోయుచున్నవి. అది కంట్రాక్టరు నగదుఖాతాకు జమయై యా పన్ను చెల్లింపునకు బనికివచ్చును. ఈ రెండుకోతలను గలిపి యొక్కటిగా నెంచి కలతపడరాదు. బిల్లులో వస్తుసేవల పన్నును వేఱుగా జూపినపుడు ఆ భాగముపై నాదాయపుపన్ను కోయరాదని 2017లోనే బోర్డు తెలిపినది. లక్ష పనికి పదునెనిమిదివేలు పన్ను చేరిన బిల్లులో గోత లక్షమీదనే పడవలెను. మొత్తముమీద గోయు గుమాస్తాను మేస్త్రీ ప్రశ్నింపవచ్చును.

ప్రభుత్వమును మేము కోరునవి మూడు. రిఫండు వడ్డీని పౌరుడిచ్చు వడ్డీతో సమము చేయవలెను. కోతపట్టికయు దాఖీదును మేస్త్రీ చదువగల భాషలో, అనగా దెలుగునాట దెలుగులో, వానికి జేరవలెను. పన్ను లేదని లెక్కయే చెప్పుచున్న చిన్నవానికి దక్కువ కోత ధ్రువపత్రము నడుగకమునుపే యీయవలెను. దానికై దరఖాస్తు పెట్టువిద్య వానికి దెలియదు.

తక్కినది పాఠకులది. పఠనమందిరములలో నీ పత్రికను జదువువారిలో లెక్క తెలిసినవారు, వకీళ్లు, ఉపాధ్యాయులు, పింఛనుపుచ్చుకొని విశ్రాంతిగానున్న యుద్యోగులు అనేకులు గలరు. లెక్కలు దాఖలు చేయు దినములలో వారమున కొక సాయంకాలము మందిరపు టరుగుమీద గూర్చుండి, వచ్చిన మేస్త్రీకి వాని కోతపట్టికను జదివి వినిపించినచో నది చిన్నసేవ గాదు. మనము కూర్చున్న యీ మందిరపు గోడను గట్టినవాడు నట్టి మేస్త్రీయే. వాని బిల్లునుండి కోసినది వానికి జేరినదా యని యిప్పటివఱకు మనలో నెవరడిగితిమి?