లింకులు కాదు... సాక్షుల్ని చూడండి!

1989 అసెంబ్లీ ఎన్నికల్లో కల్వకుర్తి పేరు దేశమంతా మార్మోగింది. అప్పటి ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు హిందూపురంతో పాటు ఇక్కడా పోటీ చేశారు. హిందూపురం గెలిపించింది. కల్వకుర్తి మాత్రం కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్‌కు పట్టం కట్టింది. పోలింగ్ బూత్ గొప్పతనం అదే. కోటీశ్వరుడి ఓటూ, కూలీ ఓటూ ఒకటే. లెక్కపెడితే చాలు, ఫలితం తేలిపోతుంది.

ఇంటర్నెట్‌లోనూ ఓట్లున్నాయి. వాటినే లింకులంటారు. ఒక వెబ్‌సైట్ తన పేజీలో మరో వెబ్‌సైట్‌కి దారి చూపించి ‘అక్కడికి వెళ్లి చూడండి’ అంటే దానికి ఓటేసినట్టే. కాకపోతే ఈ ఓట్లన్నీ సమానం కాదు. కొన్ని వెయ్యి ఓట్ల పెట్టు. కొన్ని చెల్లవు. మరికొన్ని వేయించుకున్నవాళ్లనే ముంచుతాయి!

ఎందుకింత గిరాకీ?

స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో గూగుల్‌ను స్థాపించారు. అంతకుముందున్న సెర్చ్ ఇంజిన్లు ఎక్కువగా పేజీలోని మాటల్ని బట్టే వరస నిర్ణయించేవి. వీళ్లిద్దరూ ఇంకో సంగతి చూశారు. ఒక పేజీ గురించి మిగతావాళ్లు ఏమంటున్నారు? ఎంతమంది దానికి లింకు ఇచ్చారు? ఆ ఇచ్చినవాళ్లకు ఎంతమంది ఇచ్చారు? దీనికే ‘పేజ్‌ర్యాంక్’ అని పేరు. పదిమంది మెచ్చిన మనిషి మెచ్చుకుంటే ఆ మాటకు బరువెక్కువ కదా... సరిగ్గా అదే లెక్క.

ఎప్పుడైతే లింకుకు విలువొచ్చిందో అప్పుడే దానికో సంతా వెలిసింది. ఉదాహరణకు కల్వకుర్తిలో ఓ కుటుంబం గానుగ పట్టిన పల్లినూనె అమ్ముతోందనుకుందాం. పిల్లలు ముచ్చటపడి వెబ్‌సైట్ పెట్టించారు. నెల తిరక్కుండానే ఫోన్లు మొదలవుతాయి. ‘సార్, మీ సైటుకు వారంలో వేల లింకులు తెస్తాం. గూగుల్ మొదటి పేజీ గ్యారంటీ’ అని. పండగకు పక్కన పెట్టుకున్న డబ్బులు అటు వెళ్లిపోతాయి. ఆ లింకులు ఎక్కణ్నుంచి వచ్చాయో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

అమెరికాలో జరిగిందిదే!

అక్కడి పెద్ద దుకాణాల సంస్థ జేసీ పెన్నీ కథ 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో వచ్చింది. గౌన్లు, దుప్పట్లు, తివాచీలు... ఏది వెతికినా గూగుల్‌లో ఆ సంస్థే ముందుండేది. కారణం ఏమిటా అని తవ్వితే వేల లింకులు బయటపడ్డాయి. కుక్కలు, గురక, కెమెరాలు, చేపల వేట వంటి సంబంధం లేని సైట్ల మూలల్లో ‘గౌన్లు’ అన్న మాటకు లింకు తగిలించి ఉంది. గురకకూ గౌనుకూ ఏమిటి చుట్టరికం? గూగుల్ కన్నెర్ర చేసింది. ఒక రకం సూట్‌కేసుల వెతుకులాటలో మొదటి స్థానంలో ఉన్న సంస్థ ఏకంగా 71వ స్థానానికి జారిపోయింది. ఆ లింకుల సంగతి తమకు తెలియదన్న సంస్థ, ఆ పని చూసే కంపెనీని తప్పించింది. తెలిసినా తెలియకపోయినా నష్టపోయింది మాత్రం తనే.

అదే నెలలో ఓవర్‌స్టాక్ అనే మరో ఆన్‌లైన్ దుకాణానికీ దెబ్బ తగిలింది. విద్యార్థులకు, అధ్యాపకులకు తగ్గింపు ధరలిస్తాం, బదులుగా మీ కాలేజీ వెబ్‌సైట్లో మా సైటుకు లింకులు పెట్టండి అని బేరం పెట్టిందా సంస్థ. కాలేజీ చిరునామాలకు మర్యాద ఎక్కువన్నది దాని లెక్క. మర్యాదస్తుడే సాక్ష్యం చెప్పినా, చెప్పినందుకు ఏదో పుచ్చుకున్నాడని తేలితే ఆ సాక్ష్యం నిలుస్తుందా?

సర్కారు గోడ మీద బెట్టింగ్ బోర్డు

మన దగ్గర ఇంకో చిత్రం జరిగింది. 2024లో తెలంగాణ సహా పలు రాష్ట్రాల ప్రభుత్వ వెబ్‌సైట్ల చిరునామాల్లో కొన్ని లింకులు నేరుగా ఆన్‌లైన్ బెట్టింగ్ సైట్లకు దారి తీస్తున్నాయని టెక్‌క్రంచ్ అనే వార్తాసంస్థ బయటపెట్టింది. ప్రభుత్వ చిరునామా అంటే గూగుల్‌కూ గురి, జనానికీ నమ్మకం. అందుకే మోసగాళ్లు ఆ గోడనే ఎంచుకున్నారు. చిరునామా చివర ప్రభుత్వ ముద్ర కనిపించినంత మాత్రాన లింకు మంచిదైపోదన్నమాట.

మంచి లింకును పోల్చుకునేదెలా?

ఊళ్లో సంబంధం చూసేటప్పుడు ఆరా తీస్తాం చూడండి, ఇదీ అంతే. అయిదు ప్రశ్నలు చాలు.

ఎవరు ఇచ్చారు? ఆ సైటు తెరిచి చూడాలి. నిజంగా మనుషులు చదివేదిలా ఉందా, లేక లింకుల కోసమే పుట్టిందా? ఒకే పేజీలో అప్పులు, పేకాట, పెళ్లి బట్టలు, మందులు కలిసి కనిపిస్తే అది లింకుల అంగడే.

సంబంధం ఉందా? పాలెం వ్యవసాయ పరిశోధన స్థానమో, వంటల గురించి రాసేవాళ్లో గానుగ నూనె సైటుకు లింకిస్తే అర్థముంది. ఏ దేశంలోనో ఉన్న జూదం సైటు ఇస్తే అర్థం లేదు.

ఎందుకు ఇచ్చారు? డబ్బు తీసుకుని ఇచ్చిందయితే అది ప్రకటన. ప్రకటన తప్పు కాదు, దాన్ని సిఫారసులా చూపించడమే తప్పు. అలాంటి లింకులకు ‘లెక్కలోకి తీసుకోవద్దు’ అని చెప్పే నోఫాలో గుర్తు వాడొచ్చు, అది 2005లో వచ్చింది. ‘ఇది డబ్బు తీసుకుని పెట్టింది’ అని చెప్పే స్పాన్సర్డ్ గుర్తును గూగుల్ 2019లో తెచ్చింది.

ఏ మాటలకు ఇచ్చారు? సహజంగా ఇచ్చేవాళ్లు దుకాణం పేరో, సైటు చిరునామానో రాస్తారు. వందలమంది ఒక్కలాగే ‘తక్కువ ధరలో మంచి పల్లినూనె’ అని రాస్తే, ఎవరో ఒకరు కూర్చుని రాయించారనే అర్థం.

దాన్ని నొక్కి ఎవరైనా వస్తున్నారా? గూగుల్ అనేదే లేకపోయినా పనికొచ్చే లింకు అది. ఆ దారిన ఒక్క కొనుగోలుదారు వచ్చినా వేల ఉత్తుత్తి లింకులకన్నా మేలు.

భయపడాల్సిందెంత?

2012 ఏప్రిల్ 24న గూగుల్ ‘పెంగ్విన్’ పేరుతో కొత్త జల్లెడ తెచ్చింది. కొన్న లింకుల మీద బతుకుతున్న సైట్లు ఎన్నో దాంతో అడుక్కి పోయాయి. 2016 నుంచి పద్ధతి కొంత మారింది. చెడ్డ లింకుల కోసం సైటు మొత్తాన్ని దండించే బదులు, ఎక్కువగా వాటిని లెక్కలోంచి తీసేస్తోంది. అంటే కొన్నవాళ్ల డబ్బు బూడిదలో పోసిన పన్నీరు! మరీ శ్రుతి మించితే గూగుల్ సిబ్బందే సైటును పరిశీలించి చర్య తీసుకుంటారు. ఆ దెబ్బ నుంచి తేరుకోవడం అంత తేలిక కాదు.

గిట్టనివాళ్లు కావాలని మన సైటుకు చెత్త లింకులు తగిలిస్తేనో? చాలామందిని పట్టి పీడించే బెంగ ఇది. ఊరికే కంగారు పడక్కర్లేదు. అలాంటివాటిని గూగుల్ చాలావరకు తనంతట తానే పక్కన పెడుతుంది. ‘సెర్చ్ కన్సోల్’ అనే ఉచిత సదుపాయంలో సైటు యజమాని తన సైటుకు వస్తున్న లింకుల జాబితా చూసుకోవచ్చు. ‘మాన్యువల్ యాక్షన్స్’ అనే చోట చర్యలేమైనా ఉన్నాయేమో తెలుస్తుంది. అక్కడ ఏమీ లేకపోతే, తాము కొన్న లింకులూ లేకపోతే నిశ్చింతగా పడుకోవచ్చు.

‘ఈ లింకులు నావి కావు, లెక్కించొద్దు’ అని చెప్పుకునే ‘డిసవౌ’ సదుపాయం కూడా 2012లోనే వచ్చింది. చర్య తీసుకున్నప్పుడో, కొన్న లింకుల వల్ల చర్య తప్పదనిపించినప్పుడో మాత్రమే దాని జోలికి వెళ్లాలి. అది కూడా ముందు ఆ లింకుల్ని తీయించే ప్రయత్నం చేశాకే. తెలిసీ తెలియక మంచి లింకుల్నీ జాబితాలో చేర్చేస్తే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

మరి ఆ గానుగవాళ్లు ఏం చేయాలి? ఫోన్ చేసినవాణ్ని ఒక్క మాట అడగాలి. ‘లింకులు ఏ సైట్లలో పెడతారో జాబితా ముందే ఇస్తారా?’ అని. ఇవ్వనంటే ఫోన్ పెట్టేయడమే. ఇస్తే ఆ సైట్లను ఇంటిల్లిపాదీ కూర్చుని తెరిచి చూడాలి. ఆ డబ్బుతో గింజ ఏ ఊరిది, గానుగ ఎలా తిరుగుతుంది, నూనె ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది అని నాలుగు మంచి పేజీలు రాయించుకోవచ్చు. కొన్నవాళ్లలో వంటల గురించి రాసేవాళ్లుంటే వాళ్లే ఆ పేజీని చూపిస్తారు. అలా వచ్చే లింకులు ఏడాదికి పదే కావచ్చు. కానీ ఏ జల్లెడా వాటిని పట్టి తీసేయదు.