ఎల్లలెరుగని ధూళి

1954 మార్చి 1న పసిఫిక్ మహాసముద్రమందలి బికినీ దీవులలో అమెరికా ఉదజని బాంబును పరీక్షించినది. దాని విషధూళి దూరమున చేపలు పట్టుచున్న జపాను పడవపై రాలగా 23 మంది వ్యాధిగ్రస్తులైరి, ఒకడు మరణించెను. ఏప్రిల్ 2న నెహ్రూ లోక్‌సభలో, నిరాయుధీకరణ సిద్ధించులోపల పరీక్షలనైనను నిలుపుడని అగ్రరాజ్యములను కోరెను.

అణ్వాయుధము లేనివారి మాటకు విలువ యేమని కొందరందురు. గాలికెక్కిన ధూళి తిరువూరు మామిడితోటలపై వానతో దిగినచో, అడుగు హక్కు అచ్చటి రైతునకు లేదా?

1963లో మాస్కో ఒప్పందము గాలిలో, నీటిలో, అంతరిక్షమున పరీక్షలను నిషేధించినది. భారతదేశము వెంటనే సంతకము చేసినది. భూగర్భమొక్కటి మిగిలెను. ఆ మార్గముననే 1974లోను, 1998లోను భారతదేశము పోఖ్రాన్‌లో పరీక్షలు జరిపినది. అటుపిమ్మట అదే కోరికను ఇతరుల ముందుంచుట భారత రాయబారులకు కష్టతరమైనది.