ఆ స్తంభానికి కట్టింది ఎవరిని?

పోర్చుగల్‌లోని ఓబిడోస్‌లో సెయింట్ మేరీ చర్చి దగ్గర ఒక రాతి స్తంభం ఉంది. పూర్వం శిక్ష పడినవారిని కట్టి, ఊరంతా చూసేలా నిలబెట్టిన స్తంభాల కోవలోది అది. దానిమీద ఒక వల చెక్కి ఉంటుంది. 1491లో గుర్రం మీది నుంచి పడి మరణించిన యువరాజు అఫొన్సో దేహాన్ని జాలరులు తమ వలలో మోసుకొచ్చారనీ, తల్లి లియొనోర్ రాణి ఆ వలనే తన చిహ్నంగా స్వీకరించిందనీ అంటారు. నేను వెళ్లినప్పుడు విన్న కథ ఇదొక్కటే. రాణి కడుపుకోతకు రాతిమీద చోటు దొరికింది. ఆ రాతికి కట్టుబడి నిలబడ్డవారి ఊసు ఎక్కడా లేదు.

ఇటువంటి స్తంభాలు ఆ దేశంలో చాలా ఊళ్లలో కనిపిస్తాయి. ఊరికి సొంత న్యాయాధికారం ఉందనడానికి అవి గుర్తులు. పందొమ్మిదో శతాబ్దపు ఉదారవాదులు పాత పెత్తనానికి ఆనవాళ్లంటూ అనేకం కూల్చేశారు. మిగిలినవాటిని 1933లో సలజార్ ప్రభుత్వం రక్షిత కట్టడాలుగా ప్రకటించింది. నియంతకు అవి ముద్దొచ్చాయంటే నాకు ఆశ్చర్యం లేదు. అయినా కూల్చడం కంటే కాపాడటమే మేలంటాను. బ్రెజిల్‌లోని సాల్వడోర్‌లో బానిసలను కొరడాలతో కొట్టిన స్తంభం ఎప్పుడో పోయింది. దాని పేరు మాత్రం ఆ పేటకు మిగిలింది. 1985లో యునెస్కో గుర్తించిన ఆ పాత నగరంలో నేడు పర్యాటకులు రంగురంగుల మేడల ముందు ఫొటోలు దిగుతున్నారు.

మనకు రాయీ లేదు, పేరూ లేదు. మనది బొండకొయ్య. కాళ్లు బిగించే ఆ కర్ర చెదపట్టిపోయింది, చట్టం మాత్రం కాగితంపై నిలిచింది. కోస్తా, రాయలసీమలు భాగమైన మద్రాసు ప్రెసిడెన్సీలో 1816 నాటి పదకొండవ రెగ్యులేషన్, తిట్లూ చిన్నపాటి కొట్లాటల వంటి తగాదాల్లో శిక్షించే అధికారాన్ని గ్రామపెద్దకు ఇచ్చింది. తప్పుచేసినవారిని పన్నెండు గంటల వరకు చావడిలో నిర్బంధించవచ్చు. కిందికులాల వారైతే ఆరు గంటల వరకు బొండలో వేయవచ్చు. అంత హీనమైన శిక్ష వారికి అనుచితం కాకపోవచ్చునన్న భావం ఆ చట్టం మాటల్లోనే ఉంది. తప్పు ఒకటే, కులాన్నిబట్టి శిక్ష వేరు. మనుస్మృతి కాదిది, కంపెనీ సర్కారు రాసిన శాసనం. కులం గురించి తామే మనకు కళ్లు తెరిపించామని చెప్పుకున్న పాలకులు వీరే.

ఈ పాఠం చెప్పిన రోజు ఒక విద్యార్థి తరగతి అయ్యాక నా గదికి వచ్చాడు. వాళ్ల ఊళ్లో పాత చావడికి సున్నం కొట్టి, ‘మన పూర్వీకుల న్యాయస్థానం’ అని బోర్డు పెట్టబోతున్నారట. “మా తాత ఆ అరుగు ఎక్కి ఎరగడు సార్. ‘మన’ అంటే ఎవరు?” అన్నాడు. చావడిని పడగొట్టమని ఆ కుర్రవాడు అడగలేదు. బోర్డుమీద ఇంకో రెండు వాక్యాలు కావాలన్నాడు. ఇద్దరం కూర్చుని 1816 నిబంధనను తేలిక తెలుగులో రాశాం. ఆ కాగితం పంచాయతీకి ఇచ్చి నాలుగు నెలలైంది. సున్నం వేశారు, బోర్డు కూడా పెట్టారు. మేము రాసిచ్చిన వాక్యాలు అందులో లేవు. మళ్లీ అర్జీ పెడుతున్నాం.