గాత్రం దానవస్తువా?

తెరమీద ఒకరి ముఖానికి వేరొకరు మాట అందిస్తే మనం "గాత్రదానం" అంటున్నాం. ఈ మాట నాకు మొదటినుండీ రుచించదు. శ్రమకు ప్రతిఫలం పుచ్చుకొనేవాడు దాత ఎట్లా అవుతాడు? పైగా సంస్కృతంలో గాత్రమంటే శరీరం. జపాను వారి మాట ఇంతకంటె న్యాయమైనది. "సేయూ" అనే పదంలో మొదటి అక్షరానికి స్వరమని, రెండవదానికి నటుడని అర్థం. అక్కడ దానమూ లేదు, అరువూ లేదు.

"చాటున నిలబడి కాగితం చూసి చదవడం కూడా నటనేనా?" అని పెదవి విరిచే మిత్రులున్నారు. వారు నొజావా మసాకో గారిని ఒక్కసారి వినాలి. 1936లో పుట్టిన ఆమె 1986 నుండి 'డ్రాగన్ బాల్' కథానాయకుడు గోకూకు స్వరం. బాలుడైన గోకూ ఆమే, పెరిగి వీరుడైన గోకూ ఆమే; అతని కొడుకులు గోహాన్, గోతెన్ కూడా ఆమే. తండ్రీకొడుకులు ముగ్గురూ మాట్లాడుకొంటున్నా ఎవరి మాట ఏదో వినేవాడికి తెలిసిపోతుంది. బొమ్మకు ఆంగికం, ఆహార్యం చిత్రకారుడిస్తాడు. వాచికమూ, చాలావరకు సాత్త్వికమూ ఒక్క కంఠం నుండే రావాలి. వాక్కును నాట్యానికి శరీరమన్న భరతముని వింటే తప్పక సంతోషించేవాడు.

ఆ పని చేసే తీరు కూడా చూడండి. నాలుగైదు మైకుల ముందు పదిమంది. వంతు రాగానే అడుగుల చప్పుడు లేకుండా ముందుకు రావాలి, కాగితం గలగలమనకుండా పుట తిప్పాలి. ఎదుట తెరమీద బొమ్మ తరచు అసంపూర్ణంగానే ఉంటుంది. ఆ గీతల పెదవి కదలికకు సరిపోయేట్టు ఏడవాలి, నవ్వాలి.

ఇక వారి ప్రఖ్యాతి సంగతి. 1994లో వారికోసమే పత్రికలు వెలువడ్డాయి. 2007 నుండి వారికి ప్రత్యేక పురస్కారాలున్నాయి. మిజుకి నానా గారు 2009లో సంవత్సరాంతపు 'కోహాకు' సంగీతోత్సవంలో పాడారు, 2011లో టోక్యో డోమ్‌లో కచేరీ చేశారు. ఆమె ప్రతిభకు నమస్కారం. నా పేచీ ఆమెతో కాదు, ఆ వెలుగును చూపి కొత్తవారినందరినీ పాడు, ఆడు, ముఖం చూపు అని తరిమే వ్యాపారంతో. ముఖంతో పనిలేని వృత్తిలో ముఖమే అర్హత కావడం విడ్డూరం కదా!

"ఇంత ఆదరణ ఉండగా వారికేం లోటు?" అనేవారు లెక్క చూడాలి. అక్కడి నటుల సంఘం నిర్ణయించిన శ్రేణులలో అట్టడుగువారికి అరగంట కార్యక్రమానికి 15,000 యెన్లు. వాక్యం ఒకటైనా వందైనా అంతే. వారానికొక్క పాత్ర దొరికినవాడికి నెలకు 60,000. అందులో ఏజెన్సీ వాటా పోగా మిగిలినదానితో టోక్యోలో అద్దె కట్టాలి. శ్రేణి పెరిగితే రుసుము పెరుగుతుంది, రుసుము పెరిగితే పిలుపులు తగ్గుతాయేమోనన్న భయమూ పెరుగుతుంది. ఈ కాస్త రక్షణ అయినా ఎవరి అభిమానంవల్లా రాలేదు. 1973లో వారు పని ఆపి వీధికెక్కి రుసుములు పెంచుకొన్నారు. చప్పట్లతో అద్దె తీరదని వారికి అప్పుడే తెలుసు.

ఇప్పుడు యంత్రం వచ్చింది. పాత ధ్వనిముద్రణలను మింగి, ఆ కంఠంతోనే వారు అనని మాటలు అనిపిస్తున్నది. 2024 అక్టోబరులో నకావో ర్యూసే, యమదేరా కోయిచి, కాజి యూకి మొదలైనవారు అనుమతి లేని ఈ వాడకాన్ని ఆపమని బహిరంగంగా అడిగారు. ఇలా కంఠాలు అల్లుతున్నవారిలో అభిమానులమని చెప్పుకొనేవారూ ఉండడం నాకు మరింత బాధ. ఇష్టమైన కంఠమైతే అడగకుండా తీసుకోవచ్చునా? గాత్రమంటే శరీరమన్న పాత అర్థం ఇక్కడ అక్షరాలా నిజమౌతున్నది.

కాబట్టి మిత్రులారా, స్వరనటుణ్ణి దేవుణ్ణి చేయనక్కరలేదు, దాతను అంతకన్నా చేయవద్దు. పనివాడుగా గుర్తించి, కూలి ఇచ్చి, అడిగి వాడుకొంటే చాలు. మన డబ్బింగు కళాకారులకూ ఇదే న్యాయం. కాదనేవారు వ్యాఖ్యలలో నిలదీయండి, సమాధానం చెబుతాను.