రెండు డిస్కులంటే రెండు కాపీలు కావు

ముందు నా మాట సూటిగా చెప్తాను. రెండు డిస్కులను స్ట్రైప్ చేసి, వాటి మీదే మీ ఇంటి పెద్దల గొంతులు పెట్టుకుని, ఇంకెక్కడా కాపీ లేకుండా బయోస్ అప్‌డేట్ చేయడం జూదం. దాన్ని ధైర్యం అనకండి. కాపీ లేదు కాబట్టి అప్‌డేట్ జోలికే పోవద్దు అనడం కూడా జూదమే. కాస్త నెమ్మదిగా ఆడే జూదం, అంతే.

తెలుగు నేర్చుకునేవాళ్ళకు ఈ గొడవ ఎందుకు అని మీరు అడగొచ్చు. మా డర్బన్‌లో తెలుగు ఎక్కడ మిగిలి ఉందో చూడండి. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ ఇక్కడికి వచ్చింది. 1911 వరకు ఓడలు వస్తూనే ఉన్నాయి. వాటిలో తెలుగువాళ్ళు చాలామంది వచ్చారు. వాళ్ళ మనవలం, మునిమనవలం ఇంగ్లీషు బడుల్లో చదివాం. అవ్వ తెలుగులో అడిగేది, మేము ఇంగ్లీషులో జవాబు చెప్పేవాళ్ళం. అవ్వ మాట్లాడిన ఆ తెలుగు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. పాత కేసెట్లలో, ఫోన్ రికార్డింగుల్లో ఉంది. అవన్నీ చివరికి ఒక కంప్యూటర్‌లోకి చేరతాయి. నేను సేవ చేసే గుడిలో కూడా అలాంటి కంప్యూటర్ ఒకటి ఉంది. వీడియో ఎడిటింగ్ వేగంగా కావాలని కుర్రవాళ్ళు అందులో రెయిడ్ 0 పెట్టారు.

రెయిడ్ 0 అంటే ఏమిటి? ఒక పుస్తకం తీసుకోండి. సరి పేజీలు అక్క ఇంట్లో, బేసి పేజీలు చెల్లెలి ఇంట్లో పెట్టండి. ఇద్దరూ ఒకేసారి చదివితే పని త్వరగా అవుతుంది. కానీ ఒక ఇల్లు కాలితే రెండో ఇంట్లో మిగిలేది సగం పుస్తకం కూడా కాదు, అర్థం లేని కాగితాలు. 1988లో బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, క్యాట్జ్ రాసిన రెయిడ్ వ్యాసంలో 1 నుంచి 5 వరకే స్థాయిలు ఉన్నాయి. 0 అనే పేరు తర్వాత వచ్చింది. అందులో అదనపు రక్షణ సున్నా. పేరే నిజం చెబుతుంటే మనం వినడం లేదు.

"బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు కెలకడం?" అని మా పెద్దలు అంటారు. అప్‌డేట్‌లు ఊరికే రావు. 2024లో ఇంటెల్ 13, 14 తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని ఎక్కువ వోల్టేజీ వల్ల పాడవుతున్నాయని తేలింది. దాన్ని ఆపే మైక్రోకోడ్ చాలామందికి బయోస్ అప్‌డేట్‌తోనే అందింది. కెలకకుండా కూర్చుంటే ఆ ప్రాసెసర్ తనంతట తాను బాగుపడదు.

"ఒక్క క్లిక్ అంకుల్, ఐదు నిమిషాలు" అని కుర్రవాళ్ళు అంటారు. ఆ ఐదు నిమిషాల తర్వాత ఏమవుతుందో వాళ్ళు చెప్పరు. అప్‌డేట్ అయ్యాక బయోస్ సెట్టింగులు చాలాసార్లు మొదటికి వస్తాయి. రెయిడ్ మోడ్ పోయి ఏహెచ్‌సీఐ వస్తుంది. కొత్త ఇంటెల్ బోర్డుల్లో వీఎండీ ఆఫ్ అయిపోవచ్చు. అప్పుడు రెండు డిస్కులు ఒకటిగా కాకుండా విడివిడిగా, ఖాళీ డిస్కుల్లా కనిపిస్తాయి. "ఇనిషియలైజ్ చేయనా?" అని విండోస్ అడుగుతుంది. కంగారులో అవును అని నొక్కినవాళ్ళే నష్టపోతారు. డిస్కుల జత వివరాలు సాధారణంగా ఆ డిస్కుల మీదే రాసి ఉంటాయి. మోడ్ తిరిగి పెడితే ఎక్కువసార్లు జత మళ్ళీ కనిపిస్తుంది. "ఎక్కువసార్లు" అన్నాను, గమనించండి. అందుకే కాపీ.

సరైన పద్ధతి ఇది. మొదట అన్నీ ఇంకో డిస్కులోకి కాపీ చేయండి. నాలుగైదు ఫైళ్ళు తెరిచి వినండి. ఆ డిస్కు వైరు తీసి పక్కన పెట్టండి. మరో కాపీ వేరే ఇంట్లో ఉంచండి. తర్వాత మదర్‌బోర్డు పూర్తి పేరు, రివిజన్ నంబరు చూసి, తయారుచేసిన కంపెనీ సైటు నుంచే ఫైలు తెచ్చుకోండి. పక్కన రాసిన సూచనలు చదవండి. కొన్ని వెర్షన్ల నుంచి వెనక్కి రావడం కుదరదు. బయోస్‌లో ప్రతి పేజీకీ ఫోన్‌తో ఫోటో తీయండి. బిట్‌లాకర్ ఉంటే దాన్ని తాత్కాలికంగా ఆపి, 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి.

ఫైలును ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో పెట్టి, విండోస్ నుంచి కాకుండా బయోస్‌లోనే ఉన్న సాధనంతో అప్‌డేట్ చేయండి. యూపీఎస్ తప్పనిసరి. లోడ్ షెడ్డింగ్ చూసిన మా ఊరివాళ్ళకు దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు. వీలైతే మొదలుపెట్టే ముందే కంప్యూటర్ ఆపి, ఏ డిస్కు ఏ పోర్టుదో చీటీ అంటించి, రెండు డిస్కుల వైర్లూ తీసేయండి. ఒక్కదాన్నే తీయకండి. అప్‌డేట్ అయ్యాక నేరుగా బయోస్‌లోకి వెళ్ళి, ఫోటోలు చూస్తూ పాత మోడ్ పెట్టండి. సేవ్ చేసి, ఆపి, డిస్కులు తగిలించి, జత సరిగా కనిపించాకే విండోస్‌ను లేవనివ్వండి. కనిపించకపోతే ఏదీ ఫార్మాట్ చేయకండి, కొత్త జత సృష్టించకండి. ఆపేసి, తెలిసినవాళ్ళను పిలవండి.

"ఇంత తతంగమా?" అంటారు. గుడిలో ఒక్క అభిషేకానికి సామాను జాబితా రాసుకుంటాం, రెండుసార్లు సరిచూసుకుంటాం. అక్కడ పాలు తక్కువైతే దుకాణం ఉంది. వెళ్ళిపోయిన అవ్వ గొంతుకు దుకాణం లేదు. "ఇన్నేళ్ళుగా ఏమీ కాలేదు" అనేది కూడా వాదన కాదు. ఇన్నేళ్ళుగా ఆ డిస్కులు పాతబడుతున్నాయి.

ఇంకో డిస్కు కొనడానికి డబ్బు లేదని కమిటీల్లో వింటుంటాను. పండగకు పూలదండలకు అయ్యే ఖర్చు చూడండి. పూలు మర్నాటికి వాడిపోతాయి, అయినా మనం అడగకుండానే ఇస్తాం. వేగానికి డబ్బు దొరికినప్పుడు కాపీకి కూడా దొరకాలి.

నేర్చుకునేవాళ్ళకు ఈ వారం ఒక్క వాక్యం ఇస్తున్నాను. చిన్నదే, వ్యాకరణం తేలిక. మీ గుడిలో, మీ సంఘంలో, మీ ఇంట్లో కంప్యూటర్ చూసుకునే మనిషిని అడగండి: "ఇంకో కాపీ ఎక్కడ ఉంది?" జవాబుగా ఒక చోటు పేరు రావాలి. నవ్వో, భుజం ఎగరేయడమో వస్తే, ఆ రోజు ఎవరినీ ఆ కంప్యూటర్ ముట్టుకోనివ్వకండి.